ప్రసిద్ధులు, విస్మృతులు: డెబ్బైల ప్రోగ్రెసివ్ రాక్ చరిత్ర

1973లో వెలువడిన రెండు రికార్డులతో ఈ చర్చను ప్రారంభిస్తాను. మొదటిది లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో రూపొందిన పింక్ ఫ్లాయిడ్ వారి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. అమెరికాలోని బిల్‌బోర్డ్ పట్టికలో అది 1988 నాటికి మొత్తం 741 వారాలు చోటు నిలుపుకుంది. రెండవది ఇటలీలోని లిగూరియా తీరానికి చెందిన మ్యుజెయో రోసెన్‌బాక్ అనే బృందం చేసిన 'జరతుస్త్ర'. నీషే గ్రంథం దానికి ఆధారం. రికార్డు మొదటి వైపంతా ఒకే దీర్ఘకృతి. ఆ బృందం డెబ్బైలలో వెలువరించిన రికార్డు అదొక్కటే. త్వరలోనే బృందం విడిపోయింది, రికార్డు దుకాణాల నుంచి మాయమైంది.

ఈ రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి విన్నవారికి ఒక సందేహం కలగక మానదు. కీర్తిలో ఇంత దూరం ఉన్న రెండు కృతుల మధ్య గుణంలో కూడా అంత దూరం ఉన్నదా? లేదనే నా అభిప్రాయం. పింక్ ఫ్లాయిడ్ రికార్డు గొప్పదే. అందులో సందేహం లేదు. కాని 'జరతుస్త్ర' మరుగున పడడానికి కారణం అందులోని సంగీతం కాదు. సాహిత్యం చదివేవారికి ఇది కొత్త సంగతి కాదు. ఏ భాషలోనైనా చరిత్రకు ఎక్కిన రచనల జాబితా వేరు, ఎక్కవలసిన రచనల జాబితా వేరు. ప్రోగ్రెసివ్ రాక్ చరిత్రలో ఈ భేదం ఎలా ఏర్పడిందో స్పష్టంగా చూడవచ్చు. ఎందుకంటే ఆ కథ ప్రధానంగా పదేళ్ల వ్యవధిలో నడిచింది.

ముందుగా ఈ సంగీతం స్వరూపం గురించి నాలుగు మాటలు. అరవైల చివరి వరకు రాక్ పాట అంటే మూడు నిమిషాల పాట. ఎల్పీ రికార్డుకు ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా చోటు ఉన్నా, దానిని చిన్న పాటలతో నింపేవారు. ఆ చోటునంతటినీ ఒకే కృతికి ఎందుకు వాడుకోకూడదన్న ప్రశ్న నుంచి ప్రోగ్రెసివ్ రాక్ పుట్టిందని చెప్పవచ్చు. ముక్తకాలు రాస్తున్న కవులు ఖండకావ్యానికి పూనుకున్నట్టుగా, ఈ యువకులు పాటను విడిచి బహుభాగాల కృతిని చేపట్టారు. ఐరోపా శాస్త్రీయ సంగీతం, జాజ్, జానపదం, ఎలక్ట్రానిక్ ధ్వని వీటన్నిటినుంచీ సామగ్రి తెచ్చుకున్నారు.

వారికి ఆసరాగా నిలిచిన ఒక వాద్యాన్ని గురించి చెప్పాలి. బర్మింగ్‌హామ్ ప్రాంతంలో తయారైన మెలొట్రాన్ చూడడానికి హార్మోనియం, పియానోల కోవలోనిదే. కాని ప్రతి మెట్టు కిందా ఒక టేపు ఉంటుంది. మెట్టు నొక్కితే, ముందుగా రికార్డు చేసి పెట్టిన వయొలిన్ల ధ్వనో, వేణువు ధ్వనో, బృందగానమో దాదాపు 8 సెకన్లపాటు వినిపిస్తుంది. ఆ తరువాత టేపు అయిపోతుంది. వేలు తీస్తే మళ్లీ మొదటికి వస్తుంది. శ్రుతి సరిగా నిలవదు, మోయడం కష్టం, తరచు మరమ్మతు అవసరం. అయినా వాద్యబృందాన్ని పెట్టుకునే స్తోమత లేని నలుగురైదుగురు కుర్రవాళ్లకు అది ఒక ఆర్కెస్ట్రాను చేతికిచ్చింది. ఆ టేపులోని స్వల్పమైన వణుకే ఆ కాలపు సంగీతానికి గుర్తుగా నిలిచిపోయింది.

లయ విషయంలో పాశ్చాత్య శ్రోతలు మొదట తడబడ్డారు. మన శ్రోతలకు అంత ఇబ్బంది ఉండదు. పింక్ ఫ్లాయిడ్ 'మనీ' పాట ఏడు మాత్రల ఆవృత్తంలో నడుస్తుంది. జెనెసిస్ బృందం చేసిన 'సప్పర్స్ రెడీ' దాదాపు 23 నిమిషాల కృతి. అందులో ఒక ఘట్టం తొమ్మిది మాత్రల మీద సాగుతుంది. మిశ్రచాపుకూ సంకీర్ణానికీ అలవాటుపడిన చెవికి ఏడూ తొమ్మిదీ వింత అంకెలు కావు. మన తాళపద్ధతీ వారి పద్ధతీ ఒకటేనని నా ఉద్దేశం కాదు. నాలుగు మాత్రల రాక్ మాత్రమే విని పెరిగినవారి కంటె మనకు ఈ ద్వారం సులువుగా తెరుచుకుంటుందని మాత్రమే అంటున్నాను.

ఈ చరిత్రకు ఒక ప్రారంభ దినాన్ని నిర్ణయించవలసివస్తే 1969 జూలై 5 అని చెప్పవచ్చు. ఆ రోజు లండన్ హైడ్ పార్కులో రోలింగ్ స్టోన్స్ ఉచిత కచేరీ. ఆ వేదిక మీద ముందుగా వాయించిన బృందాలలో కింగ్ క్రిమ్సన్ ఒకటి. అప్పటికి వారి రికార్డు ఒక్కటీ రాలేదు. అక్టోబరులో 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్' వెలువడి బ్రిటిష్ పట్టికలో 5వ స్థానానికి చేరింది. దాని అట్టమీద నోరు తెరిచి అరుస్తున్న ముఖాన్ని గీసిన బారీ గాడ్బర్ వృత్తిరీత్యా కంప్యూటర్ ప్రోగ్రామర్. మరుసటి ఫిబ్రవరిలోనే, 24వ ఏట, ఆయన మరణించాడు. రాక్ సంగీతంలో అందరూ గుర్తుపట్టే అట్టబొమ్మలలో ఒకటి ఆయనది. ఆయన పేరు తెలిసినవారు మాత్రం తక్కువ.

ఆ రోజుల్లోనే రికార్డు కంపెనీలు మేలుకున్నాయి. ఏది అమ్ముడవుతుందో వాటికి తెలియదు. కనుక ఈ కొత్త సంగీతం కోసం ప్రత్యేకంగా ఉపశాఖలు తెరిచాయి: ఇఎంఐకి హార్వెస్ట్, ఫిలిప్స్‌కు వర్టిగో, ఆర్‌సీఏకు నియాన్. కనిపించిన బృందంతోనల్లా ఒప్పందం కుదుర్చుకుని, ఒకటో రెండో రికార్డులు చేయించి, అమ్మకాలు చూశాయి. నిలిచినవారు నిలిచారు, మిగిలినవారిని వదిలేశారు. నియాన్ శాఖే కొద్దికాలంలో మూతపడింది. 1971లో ఆ శాఖ ద్వారా వచ్చిన లెస్టర్ బృందం స్ప్రింగ్‌కు ఒక విశిష్టత ఉంది: అందులో ముగ్గురు మెలొట్రాన్ వాయించేవారు. విషాదమూ సౌమ్యతా కలిసిన ఆ రికార్డును ఆనాడు పట్టించుకున్నవారు లేరు. ఆ బృందంలో డ్రమ్స్ వాయించిన పిక్ విదర్స్ కొన్నేళ్ల తరువాత డైర్ స్ట్రెయిట్స్‌లో చేరి లోకానికి తెలిశాడు. మనిషి ఒకడే, ప్రతిభా అదే, మారినది అదృష్టం.

ప్రసిద్ధుల వైపు కథ చాలామందికి తెలిసినదే. యెస్, జెనెసిస్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్ వంటివారు డెబ్బైల మధ్యకు పెద్ద పెద్ద స్టేడియాలు నింపే స్థాయికి ఎదిగారు. వీరిలో యెస్ కథకు మనతో ఒక సంబంధం ఉన్నది. 1973 మార్చిలో జపాన్ పర్యటనలో ఉండగా గాయకుడు జాన్ ఆండర్సన్ పరమహంస యోగానంద 'ఒక యోగి ఆత్మకథ' చదివాడు. ఆ పుస్తకాన్ని ఆయనకు సూచించినది కింగ్ క్రిమ్సన్ వాద్యకారుడు జేమీ మ్యూర్. అందులో ఒక అధస్సూచిక శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అనే నాలుగు శాస్త్రవిభాగాలను పేర్కొంటుంది. ఆ కొద్ది పంక్తుల నుంచి నాలుగు వైపుల జంట రికార్డు పుట్టింది. ఒక్కొక్క వైపుకు ఒక్కొక్క కృతి. అదే 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రఫిక్ ఓషన్స్'. బ్రిటన్‌లో అది మొదటి స్థానానికి చేరింది. విమర్శకులలో చాలామంది మాత్రం దుయ్యబట్టారు. సొంత కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్‌కే అది నచ్చలేదు. మాంచెస్టర్ కచేరీలో వేదిక మీదే కూర తెప్పించుకొని తిన్న కథను ఆయనే పలుమార్లు చెప్పుకున్నాడు. మరుసటి ఏడు బృందాన్ని విడిచాడు. ఇప్పుడు వింటే ఆ రికార్డులో సాగదీత ఉన్నమాట నిజమే. అయితే పుస్తకం అడుగున ఉన్న సూచికను చదివి, దానిమీద ఎనభై నిమిషాల సంగీతం కట్టవచ్చునని నమ్మిన కాలం అది. ఆ నమ్మకం ఎగతాళి చేయదగినది కాదు.

నిజానికి ఈ సంగీతానికీ గ్రంథాలయానికీ మధ్య సంబంధం చాలా దగ్గరిది. సాఫ్ట్ మెషీన్ బృందం పేరు విలియం బరోస్ నవల నుంచి వచ్చింది. యెస్ వారి 'క్లోజ్ టు ద ఎడ్జ్' వెనుక హెర్మన్ హెస్ 'సిద్ధార్థ' ఉన్నది. కామెల్ బృందం 1975లో పాల్ గాలికో కథ 'ద స్నో గూస్'ను మాటలు లేని సంగీతంగా మలచింది. వైద్యుణ్ని కనుక నాకు ప్రత్యేకంగా ఇష్టమైన ఉదాహరణ జెంటిల్ జయంట్ బృందానిది. స్కాట్లండుకు చెందిన మనోవైద్యుడు ఆర్. డి. లెయింగ్ 1970లో 'నాట్స్' అనే చిన్న పుస్తకం వెలువరించాడు. మనుషులు ఒకరి మనసును ఒకరు ఊహించుకుంటూ, ఆ ఊహను మళ్లీ ఊహిస్తూ ఎలా చిక్కుముడులలో ఇరుక్కుంటారో సంభాషణల వంటి ఖండికలుగా చెప్పిన పుస్తకం అది. 1972లో 'ఆక్టోపస్' రికార్డులో ఈ బృందం దానిని గాత్రాల అల్లికగా మార్చింది. ఒక గొంతు మొదలుపెట్టిన మాటను మరొకటి అందుకుంటుంది, మూడవది అడ్డుపడుతుంది, నాలుగవది వెనక్కి లాగుతుంది. పుస్తకంలోని ముడి చెవికి వినిపిస్తుంది. ఈ బృందానికి కేంద్రం షుల్మన్ సోదరులు. కీబోర్డు వాద్యకారుడు కెరీ మినియర్ రాయల్ అకాడమీలో సంగీతరచన అభ్యసించినవాడు. ఇంత విద్య ఉన్నా వారికి పెద్ద కీర్తి దక్కలేదు. 1980లో బృందం ముగిసింది. డెరెక్ షుల్మన్ తరువాత రికార్డు కంపెనీ అధికారిగా మారి బాన్ జోవీ బృందంతో ఒప్పందం కుదిర్చాడు. ఏది అమ్ముడవుతుందో ఆయనకు అప్పటికి బాగా అర్థమై ఉండాలి.

కాంటర్‌బరీ పట్టణం చుట్టూ ఏర్పడిన కూటమి కథ ఇంకొక తీరు. వైల్డ్ ఫ్లవర్స్ అనే చిన్న బృందం నుంచి సాఫ్ట్ మెషీన్, కారవాన్ అనే రెండు శాఖలు వచ్చాయి. సాఫ్ట్ మెషీన్ 1970 ఆగస్టులో లండన్ ప్రామ్స్ సంగీతోత్సవంలో వాయించింది. శాస్త్రీయ సంగీతపు ఆ వేదిక మీద రాక్ బృందం అడుగుపెట్టడం అదే మొదలు. ఆ బృందపు డ్రమ్స్ వాద్యకారుడూ గాయకుడూ అయిన రాబర్ట్ వయట్ 1973 జూన్ 1న ఒక విందులో పై అంతస్తు కిటికీ నుంచి పడిపోయాడు. వెన్నుపాము దెబ్బతిని నడుము కింద భాగం చచ్చుబడింది. డ్రమ్స్ వాయించేవాడికి రెండు కాళ్లూ రెండు వాద్యాలు. కుడి పాదం పెద్ద డ్రమ్మునూ, ఎడమ పాదం తాళాలనూ పలికిస్తాయి. ఆ రోజుతో ఆయన సగం వాద్యం పోయింది. నెలల తరబడి స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో గడిపాడు. ఆ నవంబరులో ఆయన సహాయార్థం లండన్ రెయిన్‌బో థియేటరులో సాఫ్ట్ మెషీన్, పింక్ ఫ్లాయిడ్ కలిసి కచేరీ చేశాయి. 'డార్క్ సైడ్' కీర్తి శిఖరాన ఉన్న సమయమది.

తరువాతి ఏడు జూలై 26న వయట్ 'రాక్ బాటమ్' వెలువడింది. నిర్మాత పింక్ ఫ్లాయిడ్ డ్రమ్స్ వాద్యకారుడు నిక్ మేసన్. అదే రోజున వయట్‌కు ఆల్ఫ్రెడా బెంజ్‌తో వివాహం జరిగింది. ఆ రికార్డును ప్రమాదఫలితంగా, బాధానివేదనగా వినే అలవాటు స్థిరపడింది. కాని అందులో చాలా భాగానికి బీజాలు ప్రమాదానికి ముందు, వెనిస్‌లో ఉండగానే పడ్డాయి. మేము రోగి చరిత్ర రాసుకునేటప్పుడు ప్రతి లక్షణాన్నీ తెలిసిన రోగానికి అంటగట్టకూడదని నేర్చుకుంటాం. కళాకృతి విషయంలోనూ ఆ జాగ్రత్త అవసరం. ప్రమాదం మార్చినది రాసినదానిని కాదు, రాసినదానిని పాడే తీరును. డ్రమ్స్ దాదాపుగా తొలగిపోయి, ఆ ఖాళీలో సన్నని గొంతూ కీబోర్డూ మిగిలాయి.

ఇక ఇటలీ. ఈ సంగీతాన్ని ఇంగ్లండు కంటె ముందుగా, ఎక్కువగా ప్రేమించిన దేశం అదేనేమో. స్వదేశంలో ఇంకా అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో జెనెసిస్‌కు ఇటలీలో ఆదరణ దొరికింది. వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ వారి 'పాన్ హార్ట్స్' స్వదేశంలో పెద్దగా చెల్లుబాటు కాకపోయినా ఇటలీలో మొదటి స్థానానికి చేరింది. ఒపెరా పుట్టిన నేలలో, గొంతెత్తి పాడే భావోద్వేగానికీ బహుఘట్టాల నిర్మాణానికీ శ్రోతలు ముందే సిద్ధంగా ఉన్నారు. 1972 ఒక్క ఏడాదిలోనే మిలాన్ నుంచి ప్రెమియాటా ఫోర్నెరియా మార్కోనీ రెండు రికార్డులు, రోమ్ నుంచి బాంకో డెల్ ముతువో సొకోర్సో రెండు రికార్డులు, నేపుల్స్ నుంచి ఇల్ బలెట్టో ది బ్రోంజో చేసిన 'ఇస్' వెలువడ్డాయి. బాంకో వారి 'డార్విన్!' పరిణామ సిద్ధాంతాన్ని కథావస్తువుగా తీసుకున్న కృతి. ఫ్రాంచెస్కో ది జాకోమో నిండు గొంతు విన్నవారు ఇటాలియన్ రాకపోయినా ఒక మహాకావ్యపఠనం వింటున్నట్టు అనుభూతి చెందుతారు.

వీరికి అడ్డుపడినది భాష. మార్కోనీ బృందాన్ని ఎమర్సన్ లేక్ అండ్ పామర్ తమ సొంత సంస్థ మాంటికోర్‌లోకి తీసుకుని, పీట్ సిన్‌ఫీల్డ్‌తో ఆంగ్ల సాహిత్యం రాయించి, 1973లో 'ఫొటోస్ ఆఫ్ గోస్ట్స్' పేరుతో ప్రపంచానికి చూపింది. బయటి దేశాలలో వారికి పేరు వచ్చింది. అదే స్వరాలను ఇటాలియన్‌లో వింటే మాటకూ రాగానికీ ఉన్న పొత్తు వేరుగా ఉంటుంది. అనువాదం చదివి మూలాన్ని ఊహించుకునే పాఠకులకు ఈ నష్టాన్ని వివరించనవసరం లేదు.

మ్యుజెయో రోసెన్‌బాక్‌కు అడ్డుపడినది రాజకీయం. వారి రికార్డు అట్టమీది చిత్రాల కూర్పులో ముస్సోలినీ శిల్పం కనిపించింది. వామపక్ష భావాలు ఉధృతంగా ఉన్న ఆనాటి ఇటలీ యువత మధ్య ఆ బొమ్మ, దానికి తోడు నీషే పేరు, బృందానికి ఫాసిస్టు ముద్ర తెచ్చిపెట్టాయి. పాట వినకుండానే తీర్పు చెప్పినవారు తక్కువమంది కారు.

ఆ రాజకీయపు మరో కొసన నిలిచినది ఏరియా బృందం. వారి గాయకుడు డెమెట్రియో స్ట్రాటోస్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో గ్రీకు తల్లిదండ్రులకు జన్మించాడు. 1973లో వచ్చిన వారి మొదటి రికార్డు ఒక స్త్రీ అరబ్బీలో పలికే మాటలతో తెరుచుకుని, బాల్కన్ జానపద లయలోకి దూకుతుంది. స్ట్రాటోస్ తన గొంతునే ప్రయోగశాల చేసుకున్నాడు. ఏకకాలంలో ఒకటికి మించిన స్వరాలు పలికించగలిగేవాడు. పాదువాలోని పరిశోధకులు ఆయన స్వరాన్ని అధ్యయనం చేశారు. జాన్ కేజ్ రచనలను పాడాడు. 1979లో ఆయనకు ఎప్లాస్టిక్ అనీమియా సోకింది. ఎముకలోని మజ్జ రక్తకణాలను తయారుచేయడం మానేసే జబ్బు ఇది. నేటికీ కఠినమైనదే, ఆనాడు మజ్జ మార్పిడి ఇంకా తొలి అడుగులు వేస్తున్నది. న్యూయార్క్‌లో చికిత్స ఖర్చుల కోసం ఇటలీ సంగీతకారులు మిలాన్‌లో జూన్ 14న పెద్ద కచేరీ తలపెట్టారు. జూన్ 13న ఆయన మరణించాడు. వయసు 34. కచేరీ ఆగలేదు, సహాయనిధి సభ సంస్మరణ సభ అయింది.

ప్రోగ్రెసివ్ రాక్‌ను 1976-77లో పంక్ చంపిందని పాఠ్యపుస్తకాల మాట. ఇది సగం నిజం. 1977లోనే యెస్ రికార్డు బ్రిటన్‌లో మొదటి స్థానంలో ఉంది. పింక్ ఫ్లాయిడ్ 'ద వాల్' రావడానికి ఇంకా రెండేళ్లున్నాయి. పంక్‌కు ముఖమైన జాన్ లైడన్ ఆ ఏడు లండన్ రేడియోలో తనకిష్టమైన పాటలు వినిపించే అవకాశం వస్తే, వాన్ డర్ గ్రాఫ్ గాయకుడు పీటర్ హామిల్ పాటలు వేశాడు. ప్రసిద్ధులు పాటను కుదించుకుని బతికారు. దెబ్బ తిన్నది కింది వరుసలో ఉన్నవారు. కాంటర్‌బరీ కూటమిలోని నేషనల్ హెల్త్ బృందం 1975లో ఏర్పడినా మొదటి రికార్డు 1978లో గాని రాలేదు. అప్పటికి ఆ సంగీతాన్ని అడిగేవారు లేరు.

అందరూ మౌనంగా ఊరుకోలేదు. హెన్రీ కౌ బృందం 1978 మార్చి 12న లండన్‌లో ఇటలీ, స్వీడన్, బెల్జియం, ఫ్రాన్స్ దేశాల బృందాలను పిలిచి ఒక ఉత్సవం జరిపింది. దానికి 'రాక్ ఇన్ అపోజిషన్' అని పేరు పెట్టారు. కంపెనీలు వినిపించదలచుకోని సంగీతాన్ని మేమే వినిపించుకుంటామన్నది వారి ప్రకటన సారాంశం. ఓడిపోయినవారు తమ చరిత్రను తామే రాసుకోవడానికి పూనుకున్న అరుదైన సందర్భం అది.

మిగిలిన పని శ్రోతలు చేశారు. జపాన్‌లో ఇటాలియన్ రికార్డులను వెదికి, తిరిగి ముద్రించినవారు. ఫ్రాన్స్‌లో చిన్న సంస్థలు పెట్టి పాత టేపులను సీడీలుగా మార్చినవారు. నగరాల వెంట పాత రికార్డుల దుకాణాలు గాలించినవారు. 'జరతుస్త్ర' ఈనాడు ఇటాలియన్ రాక్ శిఖరాలలో ఒకటిగా లెక్కకు వస్తున్నదంటే అది వీరి పుణ్యమే. అయితే ఈ పునరుద్ధరణకు ఒక చేదు పార్శ్వం ఉన్నది. మొదటి ముద్రణ ప్రతులకు సేకర్తలు పోసే సొమ్ములో సంగీతకారులకు చిల్లిగవ్వ ముట్టదు.

మరొక హెచ్చరిక కూడా అవసరం. మరుగున పడిన ప్రతిదీ మాణిక్యం కాదు. యెస్‌నో జెనెసిస్‌నో అనుకరించి, బలహీనమైన పాటకు మెలొట్రాన్ పూత పూసిన రికార్డులు కోకొల్లలు. విస్మృతి అన్యాయానికి గుర్తు కావచ్చు గాని యోగ్యతకు గుర్తు కాదు. ఒక్కటే పరీక్ష: ఈ బృందం లేకపోతే మరెవరి దగ్గరా దొరకనిది ఏదైనా ఇందులో ఉన్నదా? స్ట్రాటోస్ గొంతు మరెవరి దగ్గరా దొరకదు. జెంటిల్ జయంట్ గాత్రాల ముడి దొరకదు. స్ప్రింగ్‌లోని ముగ్గురి మెలొట్రాన్ల సంధ్యాకాంతి కూడా దొరకదు.

కొత్తగా వినదలచినవారికి నా సలహా ఇది: తెలిసినదాని పక్కన తెలియనిదాన్ని పెట్టుకుని వినండి. 'క్రిమ్సన్ కింగ్' తరువాత స్ప్రింగ్‌ను, 'క్లోజ్ టు ద ఎడ్జ్' తరువాత మార్కోనీ బృందపు 'పెర్ ఉన్ అమీకో'ను, 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' తరువాత 'రాక్ బాటమ్'ను వినండి. ఏ జంటలోనూ రెండవది మొదటిదానికి నీడలా వినిపించదు. కంపెనీల లెక్కల పుస్తకం ఏది ఎంత అమ్ముడైందో మాత్రమే చెబుతుంది. ఆ లెక్కలనే చరిత్ర అని చాలాకాలం చదువుకున్నాం. మిగిలిన సగం ఆ రికార్డుల గాడులలో ఇంకా ఉన్నది. వినేవారు ఉంటే అదీ చరిత్రలో చేరుతుంది.